తల దువ్వుకోవాలా, జుట్టు దువ్వుకోవాలా?

సందేహం: ‘తల దువ్వుకుని బడికి పో’ అంటే మా అమ్మాయి ‘దువ్వేది జుట్టుని కదా నాన్నా, తలని ఎలా దువ్వుతాం?’ అంది. ఇన్నాళ్లూ తప్పు మాట్లాడుతున్నామా?

సమాధానం: తప్పేమీ లేదు. మీ అమ్మాయికి వచ్చిన అనుమానం మన ఆలంకారికులకూ, అంటే కావ్యాల్లో మాటల తీరును చర్చించిన పాతకాలపు పండితులకూ వచ్చింది. ‘గంగలో గొల్లపల్లె’ అన్నది వాళ్లు పదే పదే చెప్పే ఉదాహరణ. నీళ్లలో పల్లె ఉండదు కనుక ‘గంగ ఒడ్డున’ అని సర్దుకుంటాం. మాట అసలు అర్థం పొసగనప్పుడు దానితో సంబంధమున్న మరో అర్థం తీసుకోవడాన్ని లక్షణ అన్నారు. అయితే సంబంధం ఒక్కటే చాలదు, ఆ మాట వాడుకలోనైనా ఉండాలి, అలా అనడంలో ప్రయోజనమైనా ఉండాలి అని వాళ్లలో ఒకడైన మమ్మటుడు తన ‘కావ్యప్రకాశం’లో షరతు పెట్టాడు.

తలది వాడుక బలం. తల దువ్వుకుంటాం, తల నెరిసిందంటాం. అలాగని జుట్టు అనాల్సిన ప్రతిచోటా తల అంటే కుదరదు. రాలేది జుట్టే, తల కాదు. సెలూన్‌లో కూర్చుని ‘తల కొంచెం కత్తిరించు’ అని చూడండి!

గడ్డం కథ వేరు. గడ్డం పట్టుకుని బతిమాలితే అది చుబుకం. గడ్డం గీసుకుంటే వెంట్రుకలు. రెండూ ఎంతగా స్థిరపడ్డాయంటే, ఇందులో లక్షణ ఉందని కూడా ఎవరికీ తోచదు. పాపం మీసానికి ఆ యోగం పట్టలేదు. మీసం అంటే మీసమే, పై పెదవి కాదు.

నాకు ముచ్చటేసే మాట ‘తలనీలాలు’. నీలం అంటే నలుపు అని కూడా అర్థం. రంగు పేరే వెంట్రుకల పేరైపోయింది. తిరుమలలో తల ముగ్గుబుట్టయిన తాతగారు గుండు చేయించుకున్నా, ఆయన ఇచ్చేవి తలనీలాలే!

పెళ్లింట్లో ‘ఎన్ని విస్తళ్లు లేచాయి?’ అన్నది మనుషుల లెక్క. ‘ఆటో! కోఠి వస్తావా?’ అన్న పిలుపు డ్రైవరుకి. ‘ఇంట్లో ఓ మాట అడిగి చెప్తా’ అనే మగవాళ్లు అడిగేది గోడల్ని కాదని అందరికీ తెలుసు.

ఈసారి మీ అమ్మాయి ‘బిందె కారుతోంది నాన్నా’ అన్నప్పుడు, కారేది బిందెనా, నీళ్లా అని మీరు అడగండి.