జమ అయిందంతా ఆదాయం కాదు

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 35. ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చే జీతం 68,000. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు రెండు బ్యాంకు ఖాతాల పీడీఎఫ్ స్టేట్‌మెంట్లను ఓ ఆన్‌లైన్ కన్వర్టర్‌లో క్యూఐఎఫ్ (లెక్కల సాఫ్ట్‌వేర్లు చదివే ఒక రకం) ఫైళ్లుగా మార్చి, జమాఖర్చులు రాసుకునే గ్నూక్యాష్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాను. ఆదాయం 4,80,000, ఖర్చు 4,68,000 అని వచ్చింది. 12,000 మిగిలింది కాబట్టి నెలకు 2,000 సిప్ మొదలుపెట్టొచ్చా? క్రెడిట్ కార్డు ఫైలు కూడా ఎక్కిస్తే ఖర్చు బాగా పెరిగిపోతోంది, ఎందుకు? ఈ ఆరు నెలల్లో జీతం ఖాతా నుంచి రెండో ఖాతాకు 15,000 పంపుకున్నాను. పిల్లల ఫీజుకు, అమ్మ ఆసుపత్రికి, బండి రిపేరుకు లోన్ యాప్‌లో మూడుసార్లు 20,000 చొప్పున తీసుకున్నాను. ఫీజు పోగా ప్రతిసారీ 19,000 చేతికొచ్చింది. నెలకు రెండున్నర శాతం వడ్డీ. 22,000 కట్టాను, ఇంకా 43,000 ఉంది. పాప చదువు కోసమని నా పేరు మీద 90,000 ఎఫ్‌డీ ఉంది.

జవాబు: ఆరు నెలల జీతం 4,08,000. మీ ఫైలు 4,80,000 అంటోంది. ఆ 72,000 ఎక్కడి నుంచి వచ్చిందని మీరు ఒక్కసారి కూడా అడగలేదు. అందులో 15,000 మీ డబ్బే, ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారింది. మిగతా 57,000 యాప్ ఇచ్చిన అప్పు. బ్యాంకు స్టేట్‌మెంట్‌కు జీతమైనా అప్పైనా ఒకటే, రెండూ జమ కాలమ్‌లోనే ఉంటాయి. కన్వర్టర్ ఆ కాలమ్‌ను ఉన్నది ఉన్నట్టు మార్చింది, మీరు దాన్ని ఆదాయం కింద వేశారు. నా దగ్గరికి లెక్కలు పట్టుకొచ్చే వాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే. అందుకే మీ ఉత్తరానికి వివరంగా జవాబిస్తున్నాను.

సరిచేసి చూద్దాం. ఖర్చులోంచి కూడా ఆ 15,000 తీసేస్తే 4,53,000. ఆదాయం 4,08,000. అంటే మిగులు 12,000 కాదు, లోటు 45,000. ఆ లోటును అప్పు పూడ్చింది కాబట్టే ఖాతాలో 12,000 కనిపిస్తోంది. అప్పు తెచ్చిన డబ్బుతో సిప్ కట్టాలనుకుంటున్నారు. ఇప్పుడు వద్దు.

ఇంకా లోపలికి వెళితే అసలు సంగతి తెలుస్తుంది. 4,53,000లో యాప్‌కు కట్టిన 22,000 తీసేయండి. ఫీజు, ఆసుపత్రి, బండి కోసం పెట్టిన 57,000 కూడా తీసేయండి. మిగిలేది 3,74,000, అంటే నెలకు దాదాపు 62,300. మీ జీతానికి మీ ఇల్లు నడుస్తోంది, నెలకు 5,600 దాకా మిగలాలి కూడా. మీరు దుబారా మనిషి కాదు. అనుకోని ఖర్చుకు పక్కన డబ్బు లేకపోవడమే మీ కష్టం. అందులో ఫీజు అనుకోనిది కూడా కాదు, జూన్ ప్రతి ఏడాదీ వస్తుంది!

ఇక ఆ యాప్. రెండున్నర రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 30 శాతం. పైగా ప్రతిసారీ ముందే వెయ్యి కోత. ఊళ్లో వడ్డీ వ్యాపారి ఈ లెక్క చెబితే మీరు గుమ్మం దిగి వచ్చేసేవారు. ఫోన్‌లో రెండు నిమిషాల్లో వస్తోందని మూడుసార్లు తీసుకున్నారు. అదే సమయంలో మీ ఎఫ్‌డీ ఆరేడు శాతానికి పడి ఉంది. పాప చదువు డబ్బు ముట్టుకోకూడదన్న మీ మనసు నాకు అర్థమైంది, కానీ ఆ అప్పు వడ్డీ కూడా పాప డబ్బులోంచే పోతుంది. ఈ వారమే ఎఫ్‌డీ తీసేయండి. వడ్డీ ఓ శాతం వరకు తగ్గినా ఫర్వాలేదు. ముందే మూసేస్తే చార్జీ ఎంతో యాప్ ఇచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో (అప్పు వడ్డీ, చార్జీలు, షరతులు రాసి ఉండే పత్రం) చూసుకుని 43,000 కట్టి, అప్పు తీరినట్టు పత్రం తీసుకోండి. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయండి.

మిగిలిన 47,000 మీ అత్యవసర నిధికి మొదలు. దాన్ని రెండో ఖాతాలో ఉంచి, ఆ ఖాతాకు యూపీఐ తీసేయండి. జీతం పడిన రోజే 5,600 అందులోకి వెళ్లాలి. మూడు నెలల ఖర్చు, అంటే 1,87,000 చేరడానికి రెండేళ్లు పడుతుంది. పట్టనివ్వండి. సిప్ ఆ తర్వాతే. అమ్మకు ఆరోగ్య బీమా లేకపోతే దాని ప్రీమియం మాత్రం ఇందులోంచే కట్టండి.

ఫైళ్ల సంగతి. పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్‌ను ఎవరిదో తెలియని సైటుకు ఇచ్చారు. మీ చిరునామా, ఖాతా నంబరు, ఎవరికెంత పంపారో అంతా అందులో ఉంది. ఇంకెప్పుడూ ఇవ్వకండి. నెట్‌బ్యాంకింగ్‌లో స్టేట్‌మెంట్ సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) లేదా ఎక్సెల్ ఫైలుగా దొరుకుతుంది, గ్నూక్యాష్ సీఎస్‌వీని నేరుగా తీసుకుంటుంది. తేదీలో రోజు ముందా నెల ముందా అన్నది మీరే చెప్పండి, లేకపోతే మే 6 కాస్తా జూన్ 5 అవుతుంది. 1,25,000 లాంటి అంకెల్లో కామాలు తీసేయండి. క్యూఐఎఫ్‌లో లావాదేవీకి గుర్తింపు సంఖ్య ఉండదు కాబట్టి ఒకే నెలను రెండుసార్లు ఎక్కిస్తే ఖర్చు రెండింతలు కావచ్చు. మీ బ్యాంకు ఆ సంఖ్య ఉండే ఓఎఫ్ఎక్స్ రకం ఫైలు ఇస్తే అది మేలు. ఎక్కించాక చివరి బ్యాలెన్స్ స్టేట్‌మెంట్‌తో పైసలతో సహా కలవాలి.

ఇక క్రెడిట్ కార్డు ఫైలుతో ఖర్చు ఎందుకు పెరుగుతోందంటే, కార్డు కొనుగోళ్లు ఒకసారి, బిల్లు కట్టిన డబ్బు మరోసారి ఖర్చు కింద పడుతున్నాయి. కార్డును అప్పు ఖాతాగా పెట్టి, బిల్లు కట్టడాన్ని బదిలీగా రాయండి. యాప్ అప్పు కూడా అంతే: అప్పు ఖాతాలో 20,000, బ్యాంకులో 19,000, ఖర్చులో 1,000. స్టేట్‌మెంట్‌లో ఆ వెయ్యి కనిపించదు, చేత్తో రాయాల్సిందే.

ఆరు నెలలనూ ఇలా మళ్లీ ఎక్కించండి. ఆదాయం దగ్గర జీతం, బ్యాంకు వడ్డీ తప్ప ఇంకేదైనా కనిపిస్తే ఆ వరుస నాకు రాసి పంపండి.