గ్యాస్ అయిపోవడానికి అదేమైనా పెట్రోలా?

పన్నెండేళ్ల పాత కారు, ఏసీలోంచి వేడిగాలి వస్తోంది, షోరూమ్‌లో 40,000 అడుగుతున్నారు, తక్కువలో అయ్యే దారి ఏదైనా ఉందా అని మీ ప్రశ్న. ఉందండీ. నాకు 3,000 లోపే అయింది. కాకపోతే ఆ 3,000కి ముందు ఇంకో 3,500 తగలేశాను. దాని గురించే ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మీరూ అక్కడే తగలేసేలా ఉన్నారు.

మేముండేది తాడేపల్లి, నా ఉద్యోగం విజయవాడలో. రోజూ వారధి దాటి బెంజి సర్కిల్ మీదుగా వెళ్తాను. కారు చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మూడేళ్ల కిందట మే నెలలో ఏలూరులో మా పిన్ని కొడుకు పెళ్లి, పగలు పదకొండున్నరకు ముహూర్తం. మేలో మిట్టమధ్యాహ్నం ముహూర్తాలు పెట్టే పంతుళ్లను తిట్టుకుంటూ బయల్దేరాను (పాపం, వాళ్లూ ఆ హోమం ముందే కూర్చోవాలనుకోండి). పక్కన అమ్మ, పట్టుచీరలో. గన్నవరం దాటేసరికి ఏసీ గాలి గోరువెచ్చనైంది. హనుమాన్ జంక్షన్ వచ్చేసరికి పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. అద్దాలు దింపితే వడగాలి, ఎత్తితే ఉడుకు. ఏలూరు చేరేసరికి అమ్మ తలలో మల్లెపూలు గోధుమరంగుకు తిరిగాయి. "మీ నాన్న స్కూటరే నయమే" అంది. ఆ మాట ఇప్పటికీ అంటుంది.

సోమవారం సెలవు పెట్టి సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. పది నిమిషాలు చూశారో లేదో, చేతిలో ఎస్టిమేట్ కాగితం: కంప్రెసర్, కండెన్సర్, కూలింగ్ కాయిల్, అన్నీ కొత్తవి, 38,000. అంత మొత్తం ఎందుకని అడిగితే ఆ కుర్రాడు, "మేడమ్, ఒకసారి సార్‌తో మాట్లాడించండి, నేను వివరంగా చెప్తాను" అన్నాడు. సార్ అంటే మా ఆయన. ఆయనకు కారు నడపడం రాదు. బానెట్ ఏ పక్క తెరుచుకుంటుందో కూడా తెలియదు. పదిహేనేళ్లుగా స్టీరింగ్ పట్టుకున్నదాన్ని నేను, వివరాలు మాత్రం సార్‌కట! ఇది ఒక్క చోట కాదు, టైర్ల షాపులో అంతే, ఇన్సూరెన్స్ దగ్గరా అంతే. సరే, ఆ గొడవ మొదలుపెడితే మీ ఏసీ పక్కకు పోతుంది.

ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, మా ఇంటి దగ్గర రోడ్డు పక్కన "ఏసీ గ్యాస్ ఫిల్లింగ్" అని బోర్డున్న షాపుకు వెళ్లాను. ఆ అబ్బాయి బానెట్ ఎత్తకముందే చెప్పేశాడు, "గ్యాస్ అయిపోయింది మేడమ్." సిలిండర్ తెచ్చాడు, పైపు తగిలించాడు, "చెయ్యి పెట్టి చూడండి, చల్లగా వస్తోందా?" అన్నాడు. వస్తోంది. 1,700 ఇచ్చాను. ఇరవై రోజులు హాయిగా గడిచింది, తర్వాత మళ్లీ వేడిగాలి. మళ్లీ వెళ్లాను, ఈసారి 1,800. పదిహేను రోజులు. మూడోసారి వెళ్తే, "పాత కారు కదా మేడమ్, గ్యాస్ తాగేస్తుంది" అన్నాడు.

ఇక్కడే నాకు లైటు వెలిగింది. తాగడానికి అదేమైనా పెట్రోలా? మీ ఇంట్లో ఫ్రిజ్‌కు ఏటా గ్యాస్ పట్టిస్తున్నారా? ఉన్న గ్యాసే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది, ముందున్న కండెన్సర్‌లో అది చల్లబడి ద్రవమవుతుంది, సన్నటి వాల్వ్‌లోంచి బయటపడి కూలింగ్ కాయిల్‌లో మళ్లీ ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. ఖర్చయ్యేది ఏమీ లేదు. కారులో రబ్బరు పైపులుంటాయి, ఇంజిన్ అదురుతుంది కాబట్టి ఏళ్ల తరబడి కొంచెం కొంచెం తగ్గొచ్చు. ఇరవై రోజుల్లో అయిపోయిందంటే మాత్రం ఎక్కడో కారుతున్నట్టే. ఎక్కడ కారుతోందో చూడకుండా గ్యాస్ పట్టించడమంటే పంక్చరైన టైరుకు రోజూ గాలి కొట్టించడమే.

ఆఫీసులో ఒకాయన ఆటోనగర్‌లో ఒక షెడ్డు గుర్తులు చెప్పాడు. విజయవాడ ఆటోనగర్ ఆసియాలోకెల్లా పెద్దదని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఎంత పెద్దదో గానీ ఆ సందుల్లో నేను మూడుసార్లు తప్పిపోయాను. చివరికి దొరికింది. బోర్డు లేదు. అరవై దాటిన పెద్దాయన, లుంగీ మీద గ్రీజు చొక్కా. ఆయన సిలిండర్ తేలేదు. ముందు ప్రశ్నలు వేశాడు. "హైవే మీద చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగితే వేడెక్కుతుందా అమ్మా? ఒక్కసారిగా పోయిందా, నెమ్మదిగా తగ్గిందా? లోపల కాళ్ల దగ్గర తడి వస్తోందా?" మీ ఆయన ఏరి అని అడగలేదు. ఆయన మీద నాకు అక్కడే గౌరవం కలిగింది.

ఇంజిన్ ఆన్ చేయించి, ఏసీ నొక్కమని, చెవి పెట్టి విన్నాడు. ఏసీ వేయగానే, కంప్రెసర్‌ను ఇంజిన్‌తో కలిపే క్లచ్ "టక్" మని పట్టుకోవాలి. నాకు ఆ టక్ రాలేదు. "దీన్ని చూసే షోరూమ్‌వాళ్లు కంప్రెసర్ పోయిందని చెప్పి ఉంటారు" అన్నాడు. గ్యాస్ బాగా తగ్గితే ప్రెషర్ స్విచ్ క్లచ్‌ను పట్టుకోనివ్వదట. కంప్రెసర్‌కు కావాల్సిన ఆయిల్ గ్యాస్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి, గ్యాస్ లేకుండా తిరిగితే అది కాలిపోతుంది. అంటే స్విచ్ దాన్ని కాపాడుతుంటే, షోరూమ్‌వాళ్లు చచ్చిపోయిందని రాశారన్నమాట! ఇంజిన్ ఆపి, బ్యాటరీ నుంచి ఒక వైరు తెచ్చి క్లచ్‌కు ఆనించాడు. టక్. చేత్తో తిప్పి చూశాడు, గరగర లేకుండా తిరిగింది. "బతికే ఉందమ్మా."

తర్వాత పైపుల్లోకి నైట్రోజన్ ఎక్కించి, మగ్గులో సర్ఫు నురగ కలిపి, పెయింటింగ్ బ్రష్‌తో ఒక్కో జాయింటుకు పూస్తూ పోయాడు. నేనూ వంగి చూస్తున్నాను. కండెన్సర్ దగ్గర పైపు కలిసే చోట జిడ్డుగా దుమ్ము పట్టి ఉంది. "ఆయిల్ కారిన చోటే దుమ్ము అంటుకుంటుంది" అన్నాడు. నురగ పూయగానే సన్నగా బుడగలు లేచాయి. దొరికిందనుకుని నేను నడుము నిలబెట్టాను. ఆయన ఆగలేదు. గ్యాస్ ఎక్కించే నాజిల్ మీదా పూశాడు. అక్కడ ఒక బుడగ నిదానంగా ఉబ్బింది, పగిలింది, మళ్లీ ఉబ్బింది.

"దీని మూత ఏదమ్మా?"

నాకు వెంటనే గుర్తొచ్చింది. మా ఇంట్లో తాళాలు వేసుకునే గిన్నెలో నెలన్నరగా ఒక నల్లటి ప్లాస్టిక్ మూత ఉంది, దాని మీద ఇంగ్లీషు హెచ్ అక్షరం. మొదటిసారి గ్యాస్ పట్టించిన రోజు సీటు కింద దొరికితే, మా వాడి బొమ్మదేమో అనుకుని దాచాను. హెచ్ అంటే హై ప్రెషర్ వైపు అట, రెండో నాజిల్ మూత మీద ఎల్ ఉంటుంది. నాజిల్ లోపల టైరు వాల్వ్‌లో ఉన్నట్టే ఒక పిన్ను ఉంటుంది. పైపు మొరటుగా లాగితే అది దెబ్బతింటుంది. మూతలోని రబ్బరు రింగు రెండో కాపలా. నా కారుకు పిన్ను వంగింది, మూత లేదు. అంటే పాతది ఒక లీకు, గ్యాస్ నింపుతానన్న అబ్బాయి పెట్టినది ఇంకో లీకు. రెండోసారి ఆ అబ్బాయికే డబ్బులిచ్చి నింపించుకున్నాను.

తర్వాత పని రెండున్నర గంటలు. జాయింట్లలో వేసే రబ్బరు రింగులు (ఓ-రింగులంటారు) రెండు, వాల్వ్ పిన్నులు, తేమ పీల్చే కొత్త డ్రయర్. అరగంట వ్యాక్యూమ్ పెట్టి, అంటే పంపుతో పైపుల్లోని గాలి, తేమ లాగేసి, పంపు ఆపి, గేజి ముల్లు కదులుతుందేమోనని ఇంకో పావుగంట చూశాడు. పైపుల్లో తేమ మిగిలితే వాల్వ్ దగ్గర మంచుగట్టి దారి మూసుకుపోతుందట. రోడ్డు పక్క అబ్బాయి వ్యాక్యూమ్ ఊసే ఎత్తలేదు. చివర్లో బానెట్ కింద స్టిక్కర్ చదివి, సిలిండర్‌ను తూకం మీద పెట్టి, బంగారం తూచినట్టు 430 గ్రాములు ఎక్కించాడు. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. చెయ్యి పెట్టి చూసి నింపే పని కాదిది. మొత్తం 2,850. మూడు వేసవులు గడిచాయి, మళ్లీ గ్యాస్ పట్టించలేదు.

కాబట్టి మీరు ఎక్కడికెళ్లినా మొదటి మాటగా "లీక్ టెస్ట్ చేస్తారా?" అని అడగండి. "అవసరం లేదండీ" అంటే కారు వెనక్కి తిప్పుకోండి. ఏ గ్యాస్ అని కూడా అడగండి, మీ కారు వయసుకు ఆర్134ఏ అయి ఉంటుంది. ప్రొపేన్, బ్యూటేన్ కలిపిన చవక రకాలూ చల్లగానే ఉంటాయి గానీ అవి నిప్పంటుకునేవి. అసలు గ్యాస్ దాకా వెళ్లకముందు ఫ్యూజు, క్లచ్‌కు కరెంటు ఇచ్చే రిలే బాగున్నాయా, కండెన్సర్ ఫ్యాను తిరుగుతోందా, క్యాబిన్ ఫిల్టర్ మట్టిగొట్టుకుపోయిందా చూసుకోండి. ఫ్యూజు, రిలే, ఫిల్టర్‌లకైతే వందల్లోనే అవుతుంది. కంప్రెసర్ అంత తేలిగ్గా పోదు, నా మాట నమ్మండి. ఒకవేళ నిజంగా లోపల అరిగి లోహపు పొడి పైపుల్లోకి వెళ్లి ఉంటే మాత్రం బడ్జెట్ మర్చిపోండి, కక్కుర్తి పడి సెకండ్ హ్యాండ్‌ది తెచ్చి బిగిస్తే ఆ పొడి దాన్నీ తినేస్తుంది. కూలింగ్ కాయిల్ కారుతుంటే కూడా డ్యాష్‌బోర్డు విప్పాలి, కూలీయే ఎక్కువవుతుంది.

ఇంకో మాట. మన ఎండలకు ఏసీ ఒక్కదాన్నే అని లాభం లేదు. అద్దాలకు ఫిల్ము వేసుకుందామంటే 2012లో సుప్రీంకోర్టు వద్దంది. చెట్టు నీడన పెడదామంటే మా అపార్ట్‌మెంట్‌వాళ్లు ఆకులు రాలుతున్నాయని వేపచెట్టు కొట్టించి టైల్స్ పరిచారు. ఇప్పుడు ఆ టైల్స్ మీద చెప్పుల్లేకుండా నడవలేం. ఎక్కగానే ఏసీ ఫుల్లుగా పెట్టకుండా, రెండు నిమిషాలు అద్దాలు దించి వేడి బయటకు పోనిచ్చి, తర్వాత వేస్తున్నాను. చలికాలంలోనూ వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేస్తాను, ఆయిల్ తిరిగి సీళ్లు ఎండిపోకుండా ఉంటాయని పెద్దాయన చెప్పాడు.

మీ కారు హైవే మీద చల్లగా ఉంటుందో లేదో, ఏసీ వేస్తే టక్ వినిపిస్తుందో లేదో మీరు రాయలేదు. ఆ రెండూ చూసి కింద రాయండి. ఆ నాజిళ్ల మూతలు ఉన్నాయో లేదో కూడా చూడండి.