నిమ్మాకు దగ్గర ఆగిపో

పర్లాకిమిడి

అమ్మా,

నీ వ్యాసం మూడుసార్లు చదివాను. మొదటిసారి విసుగొచ్చింది. ఆరు పేజీల్లో 'దైవకృప' అన్న మాట పద్నాలుగు చోట్ల ఉంది, లెక్కపెట్టాను. రెండోసారి నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాను. తొమ్మిది రోజుల జ్వరం దిగాక మీ అమ్మ "కాస్త పొఖాళ పెట్టవే" అని అడగడం, మీ అమ్మమ్మ ఆ నీళ్లన్నంలో నిమ్మాకు చిదిమి వేసి ఉప్పు సరిపోయిందో లేదో వేలితో నాకి చూడటం, మీ అమ్మ గిన్నె ఎత్తి ఆ నీళ్లన్నీ తాగేసి "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అనడం. నాకు కళ్లు చెమర్చాయి. వెంటనే నువ్వేం రాశావు? "ఇదియే కదా సర్వేశ్వరుని అపార కరుణాకటాక్షము!"

తల్లీ, ఆ వాక్యం కొట్టెయ్.

దేవుడి దయ గురించి రాయొద్దని కాదు. నేనూ పొద్దున్నే దీపం పెట్టందే కాఫీ తాగను. కానీ ఆ దయ గిన్నెలోనే ఉంది కదా, మళ్లీ పేరు పెట్టి పిలవడం దేనికి? మన పక్కనున్న దేవుణ్ణే చూడు. పూరీ జగన్నాథుడు పొఖాళ ఆరగిస్తాడు. రథయాత్రలో గుండిచా గుడి నుంచి తిరిగొస్తూ మౌసిమా గుడి ముందు రథం ఆపించుకుని పోడపిఠా తింటాడు, పిన్ని గుమ్మంలో ఆగిన పిల్లాడిలా. బియ్యం, మినప్పప్పు రుబ్బి, బెల్లం, కొబ్బరి కలిపి, పైన నల్లగా మాడేదాకా కాల్చే రొట్టె అది. ఆ మాడు రుచి తెలిసిన దేవుడికి కరుణాకటాక్షాలెందుకమ్మా?

మాటల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాను. 1987లో ఒక వారపత్రికకు కథ పంపితే సంపాదకుడుగారు నా 'పొఖాళ'ను కొట్టేసి 'పెరుగన్నం' చేశారు. సరిహద్దు మాటలు పాఠకులకు అర్థం కావట. పెరుగన్నం తినగలిగే ఇల్లయితే అసలు ఆ కథే లేదు! ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది. జనం మాట్లాడే తెలుగే రాయాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది ఈ ఊళ్లో ఉంటూనే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది, పంతులుగారు రాజమండ్రి వెళ్లిపోయారు, మనవాళ్లు ఇక్కడే ఉండిపోయారు. మన నోట్లో ఒడియా మాట కలిస్తే అది కల్తీ కాదు. నువ్వు 'పొఖాళ' అనే రాశావు, సంతోషం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. మా పెరటి గోడ కూలింది, వంటింటి రేకులు లేచిపోయాయి, కరెంటు లేదు, పొయ్యి వెలిగించే దారి లేదు. మా ఆవిడకి చలిజ్వరం. మధ్యాహ్నం పక్కింటి ఒడియా ఆవిడ కూలిన గోడ మీదుగా ఒక కెటిల్ అందించింది. పిడి కాలుతుందని పాత చీరముక్క చుట్టింది. అల్లం టీ. ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడకుండా తాగాం. ఆ తర్వాత దాని గురించి రాయబోయి నేనూ నీలాగే మూడు పేజీలు దేవుణ్ణి పొగిడాను. చదివి వినిపిస్తే మా ఆవిడ అంతా విని, "ఆ చీరముక్క ఏ రంగో రాయలేదేం?" అంది.

పచ్చ రంగు, ఎర్ర అంచు. అది రాశాక మిగతా మూడు పేజీలూ చింపేశాను.

పుస్తకం వేయించాలా, పోటీలకు పంపాలా అని ఏవేవో అడిగావు. అవన్నీ తర్వాత. ముందు మీ అమ్మమ్మ పక్కన కూర్చుని ఆ నిమ్మాకు మీ పెరట్లోదో, పొరుగింట్లో అడిగి తెచ్చిందో కనుక్కో. ఆ పేజీ తిరగరాయి. గుణుపురం నుంచి మా ఊరికి రైలుంది కదా, వీలైతే నువ్వే పట్టుకురా. మీ అమ్మకి ఇప్పుడు అన్నం సయిస్తోందా? అది కూడా రాయి.

ఆశీస్సులతో,
మాస్టారు