టైల్స్ మీద వరంగల్ జంపఖానా జారకుండా ఉండాలంటే

7 అడుగుల సోఫా ముందు టైల్స్ మీద పరిచిన 4 బై 6 అడుగుల ఎరుపు, నీలం చారల జంపఖానా జారుతోందని అడిగారు కదా, దానికి కారణం దాని నేతే. నూలుతో పలుచగా నేస్తారు, అడుగున రబ్బరు పూత ఉండదు, నున్నటి టైల్స్ మీద పట్టు దొరకదు. రబ్బరు మెష్ (జల్లెడలా రంధ్రాలుండే రబ్బరు పట్టా) తెచ్చి, నాలుగు వైపులా 2 అంగుళాలు తగ్గించి కత్తిరించి అడుగున పరవండి. అంచుదాకా వేస్తే బయటికి కనిపిస్తుంది, కాలికీ తగులుతుంది. రెండువైపులా అంటుకునే టేపు మాత్రం వద్దండీ, జిగురు నూలుకు పడితే వదలదు.

7 అడుగుల సోఫా ముందు ఈ సైజు వెలితిగానే ఉంటుంది. ఇంకోటి కొంటే 5 బై 8 తీసుకుని, సోఫా ముందుకాళ్లు దానిమీదికి వచ్చేలా జరపండి. ఎరుపు, నీలం చారలకు కర్టెన్లు ఒకే లేతరంగులో ఉంటేనే అందం.

ఉతికే ముందు తడి తెల్లగుడ్డతో వెనక మూల రుద్ది చూడండి. ఎరుపు అంటితే నానబెట్టొద్దు; చన్నీళ్లలో గబగబా జాడించి, నీడలో ఆరేయండి. ఉప్పు వేస్తే రంగు ఆగుతుందని నమ్మకండి.