మారథాన్ పరిగెత్తి వైద్య పరిశోధనకు డబ్బు సేకరిస్తానంటే తిరుపతిలో ఎవరైనా ఇస్తారా?

జనవరిలో ముంబై మారథాన్ పరిగెత్తి వైద్య పరిశోధనకు విరాళాలు పోగు చేయాలనుకుంటున్నా, మన ఊళ్ళో ఇలాంటివాటికి ఇస్తారా అని అడిగారు కదా. ఇస్తారు. కానీ 'పరిశోధన' అనే మాటతో మొదలుపెడితే మాత్రం ఇవ్వరు.

నేను హీమోఫీలియా పరిశోధన కోసం ఇదే పని చేశాను. మా అక్క కొడుక్కి ఆ జబ్బుంది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 అనే ప్రోటీన్ వాడి ఒంట్లో సరిగ్గా తయారు కాదు. దెబ్బేమీ తగలకపోయినా కీలు లోపల రక్తం కారి, తెల్లారేసరికి మోకాలు ఎంత వాచిపోతుందంటే ప్యాంటు పైకెక్కదు. ఇంజెక్షన్ వేయిస్తే తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది.

మనవాళ్ళు ఇవ్వడంలో వెనకాడే రకం కాదు. అన్నదానమంటే ఇస్తారు, ఫలానా పిల్లోడికి గుండె ఆపరేషన్ అంటే వాట్సాప్ గ్రూపులో సాయంత్రానికల్లా పోగవుతుంది. పరిశోధన అనేసరికి "అదంతా గవర్నమెంటు చూసుకుంటుందిలే" అంటారు. మా వీధి టీ అంగడి దగ్గర ఒకాయన సూటిగా అడిగేశాడు, "ఏందన్నా, నువ్వు పరిగెత్తితే మేమెందుకు దుడ్లియ్యాల?" అని. న్యాయమైన ప్రశ్నే. మీ పక్కింటాయన అలిపిరి మెట్ల మీద నడిచి కొండకు పోతుంటే, నా పేరు మీద కూడా హుండీలో వెయ్యి స్వామీ అని చేతిలో పెట్టి పంపరా, ఇదీ అంతే, నడిచేది ఆయన, మొక్కు మీది అన్నాను. ఆ తర్వాత నేను ఎవరికీ పెద్దగా వివరించాల్సిన పని పడలేదు, ఆయనే అందరికీ చెప్పుకొచ్చాడు.

ఇక పరిశోధన సంగతి. జనానికి దగ్గరి ఊరి పేరు చెప్పాలి. 2024 చివర్లో వేలూరు సీఎంసీ, బెంగళూరులోని ఇన్‌స్టెమ్ అనే పరిశోధన సంస్థ కలిసి చేసిన జన్యు చికిత్స ఫలితాలు వచ్చాయి. తీవ్రమైన హీమోఫీలియా-ఎ (ఫ్యాక్టర్ 8 లోపించే రకం) ఉన్న ఐదుగురికి, రక్తం తయారుచేసే వాళ్ళ సొంత మూలకణాలనే తీసి, ఫ్యాక్టర్ 8 జన్యువు చేర్చి, తిరిగి ఎక్కించారు. గమనించినంత కాలం ఆ ఐదుగురిలో ఎవరికీ రక్తస్రావం కాలేదు. చిత్తూరు దాటితే వేలూరే, మన జిల్లాలో ఆ ఆసుపత్రి మెట్లెక్కని కుటుంబం తక్కువ. "అక్కడ జరిగిందా!" అని అడిగినవాళ్ళు చాలామంది జేబులో చెయ్యి పెట్టారు. మీరు ఏ జబ్బు ఎంచుకున్నా ఇలాంటి ఒక్క ఉదాహరణ వెతికి పెట్టుకోండి, చాలు.

డబ్బు మీ ఫోన్‌పేలోకి రానివ్వకండి, నేరుగా సంస్థ ఖాతాకే పంపమనండి. పన్ను మినహాయింపుకు పనికొచ్చే 80జి రసీదు డబ్బు ఇచ్చినవాళ్ళ పేరు మీదే వస్తుంది, అందులోనూ నగదు 2,000 రూపాయలు దాటితే మినహాయింపు వర్తించదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు అసలే లేదు, ముందే చెప్పేయండి. ముంబై మారథాన్‌లో నమోదైన స్వచ్ఛంద సంస్థల జాబితా ఉంటుంది, అందులోంచి ఎంచుకుంటే విరాళాల పేజీ పెట్టుకోవడం సులువు. పేషెంట్ల సాయం నిధి వేరు, పరిశోధన నిధి వేరు, మీ డబ్బు దేనికి పోతుందో మెయిల్‌లో రాయించుకోండి. అమెరికాలో ఉన్న మన బంధువుల్లో అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపేది విదేశీ విరాళం కింద లెక్క, ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకపోతే తీసుకోకూడదు. ఎంట్రీ ఫీజు, రైలు టికెట్ మాత్రం మన జేబులోంచే, అందులో రెండో మాట లేదు.

పరుగు గురించి రెండు ముక్కలు. 42.195 కిలోమీటర్లంటే కనీసం నాలుగైదు నెలల సాధన కావాలి. ఎండలు తగ్గాక మొదలుపెట్టి, వారానికి ఒక్క పొడుగు పరుగు పెంచుకుంటూ 30 కిలోమీటర్ల దాకా తీసుకెళ్ళండి. ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్ మామూలు రోజులకు బాగుంటుంది, పొడుగు పరుగుకు జూ పార్కు రోడ్డు. అయితే అటువైపు చిరుతలు కనబడుతుంటాయి, చీకట్లో ఒంటరిగా వద్దు, వెలుతురు వచ్చాక ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. కొండ మెట్లు తొడలకు మంచివే గానీ దిగేటప్పుడు మోకాళ్ళు పోతాయి. ఎక్కి, బస్సులో దిగండి. ముంబైలో చివరి భాగంలో పెడ్డార్ రోడ్డు ఎత్తు వస్తుంది, అక్కడ ఆ ఎక్కుడు అలవాటు కాస్త పనికొస్తుంది.

రేసు అయ్యాక మెడల్ ఫోటో కంటే ముందు సంస్థ ఇచ్చిన మొత్తం రసీదు గ్రూపులో పెట్టండి. మా మామ ఒకాయన నేను ఎంతసేపట్లో పూర్తి చేశానో అడగనే లేదు, "దుడ్లు చేరినాయా?" అనే అడిగాడు.