మెడికల్ విద్యార్థులకు లైంగిక ఆరోగ్యం పాఠం ఎలా చెప్పాలి?

ఈ టాపిక్ ఎత్తగానే సగం మంది నవ్వుతారు, మిగతావాళ్లు తల దించుకుంటారు, ఏం చేయాలి అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా చెబుతున్న పాఠం ఇది.

నవ్వితే నవ్వనివ్వండి, కాసేపటికి అదే ఆగుతుంది. అసలు చిక్కు వేరే ఉంది. అంగస్తంభన ఎలా జరుగుతుందో నైట్రిక్ ఆక్సైడ్ దగ్గర్నుంచి రాసేసే విద్యార్థికి, రోగిని దాని గురించి ఒక్క ప్రశ్న అడగమంటే నోరు పెగలదు. అందుకే స్లైడ్లు తగ్గించి, అడగడమే ప్రాక్టీస్ చేయిస్తాను. ఒకరు డాక్టరు, ఒకరు పేషెంటు. మొదటిసారి దాదాపు అందరూ కేస్ షీట్‌లోకి చూస్తూ "మీకు... ఆ ప్రాబ్లం ఏమైనా ఉందా?" అంటారు. "ఏ ప్రాబ్లం డాక్టర్?" అని అమాయకంగా ఎదురడగమని పేషెంటు పాత్రధారికి ముందే చెప్పి పెడతాను. క్లాసంతా ఘొల్లుమంటుంది. డాక్టరు పాత్రధారికి మాత్రం చెమటలే!

అప్పుడు మాట అందిస్తాను: "షుగర్ ఉన్న చాలామందికి అంగం గట్టిపడటంలో ఇబ్బంది వస్తుంటుంది. మీకు అలాంటిదేమైనా ఉందా?" లైంగిక సమస్యలున్నవాళ్లకు మెట్టుమెట్టుగా సాయం చేయడానికి అమెరికన్ మనస్తత్వవేత్త జాక్ ఆనన్ 1976లో చెప్పిన ప్లిసిట్ పద్ధతిలో తొలిమెట్టు ఇదే, ఈ సంగతి ఇక్కడ మాట్లాడొచ్చని పేషెంటుకు తెలియజేయడం. చివరి మెట్టయిన ప్రత్యేక చికిత్స నిపుణుల పని, అది అవసరమయ్యేది కొందరికే. ఈ ముక్క చెప్తే విద్యార్థుల టెన్షన్ సగం దిగిపోతుంది.

"మాకెందుకు సార్ ఇదంతా" అనేవాళ్లూ ఉంటారు. వాళ్లకు గుండె కేసులు చూపించండి. అంగంలోని రక్తనాళాలు గుండె నాళాల కన్నా సన్నవి, కాబట్టి గుండెజబ్బు బయటపడటానికి కొన్నేళ్ల ముందే అక్కడ తేడా కనిపించవచ్చు. అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ మాత్ర పేషెంటు వేసుకున్నాడో లేదో అడగకుండా ఛాతీనొప్పికి నైట్రేట్ మందు ఇస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డిప్రెషన్‌కి ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు వాడేవాళ్లలో కోరిక తగ్గి, ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసేవాళ్లు ఉంటారు.

ఆడవాళ్ల సంగతి పాఠాల్లో మరీ తక్కువ, నాకు ఒళ్లుమండేది అక్కడే. గర్భం, కాన్పు దాటి ముందుకు పోరు. కలయికలో నొప్పి ఉందా అన్న ప్రశ్న తప్పకుండా అడిగించండి. పెళ్లయిందనో, భాగస్వామి మగవాడేననో ముందే అనుకోకుండా అడగడం కూడా నేర్పాలి.

వీలైతే ఓస్కీ పరీక్షలో, అంటే ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని చేయించి మార్కులేసే ప్రాక్టికల్‌లో, దీనికో స్టేషన్ పెట్టించండి. నేనైతే రెండింటికే ఎక్కువ మార్కులు వేస్తాను: అవయవం పేరు తడబడకుండా పలికాడా, పలికేటప్పుడు పేషెంటు ముఖం చూశాడా.