సీక్వెల్ రాయించే హక్కు ఎవరిది?

ప్రశ్న: 2018 జూన్‌లో నా ఫాంటసీ నవల ఒక ప్రచురణ సంస్థకు ఇచ్చాను. ఏళ్ల తరబడి అల్లుకున్న లోకం అది. 2025 జనవరిలో అవే పాత్రలతో మరొకరి చేత సీక్వెల్ రాయించి అమ్ముతున్నారు. మనసు విరిగిపోయింది. ఒప్పందం కాపీ నా దగ్గర లేదు. పాత తేదీ స్టాంపు పేపరు మీద ‘అచ్చు హక్కు మాత్రమే’ అని రాసుకుంటే చెల్లుతుందా?

జవాబు: మీరు ఏ హక్కు, ఎంతకాలానికి రాసిచ్చారన్నదే ఈ కేసు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం బదలాయింపు మీ సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లే. మీ ఒప్పందంలో గడువు లేకపోతే 2023 జూన్‌తో వాళ్ల హక్కు తీరిపోయినట్టే. ఇచ్చిన హక్కును ఏడాదిలోగా వాడుకోకపోయినా, వేరే షరతు లేకపోతే, అది రద్దవుతుంది. ‘సర్వహక్కులూ, కాపీరైట్ ఉన్నంతకాలం’ అని సంతకం పెట్టి ఉంటే మాత్రం సీక్వెల్‌ను ఆపడం చాలా కష్టం.

కాపీ తీసుకోకుండా సంతకం చేయడం పెద్ద అజాగ్రత్త. దాన్ని ఫోర్జరీతో సరిదిద్దుకోవాలనుకోవడం ఇంకా ఘోరం. ఆ పేపరు నంబరు, అమ్మిన తేదీ, కొన్నవారి పేరు వెండరు రిజిస్టరులో ఉంటాయి. అసలు పత్రం అవతలివాళ్ల చేతిలో ఉంది. అది కోర్టుకు వచ్చిన రోజు మీ దావా పోతుంది, ముద్దాయి మీరే అవుతారు. ఆ ఆలోచన ఈ రోజే మానుకోండి.

లాయరు నోటీసుతో కాపీ అడగండి. ఇవ్వకపోతే దావాలో ఆ పత్రాన్ని హాజరుపరచమని కోర్టు చేత ఆదేశింపజేయవచ్చు. ఈలోగా అప్పటి ఈమెయిళ్లు, రాయల్టీ జమైన బ్యాంకు స్టేట్‌మెంట్లు, టీడీఎస్ వివరాలు తీసిపెట్టండి. ఈమెయిలు ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డు సర్టిఫికెట్ జతచేయాలి.

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని పేజీ నంబర్లతో పట్టిక రాయండి. డ్రాగన్లు, శాపం తగిలిన సింహాసనం, ముసలి మాంత్రికుడు ఎవరి సొత్తూ కావు. ఆలోచనకు కాపీరైట్ లేదని 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీరు పేరుపెట్టి, స్వభావం తీర్చిన పాత్రలు, వంశవృక్షం, గీసిన పటం, కల్పించిన మంత్రాల మాటలు యథాతథంగా కనిపిస్తే అక్కడే మీ బలం.

నష్టపరిహారానికి గడువు ఉల్లంఘన తేదీ నుంచి మూడేళ్లు. 2028 జనవరి దాటితే తొలి ప్రచురణ మీద కాలదోషం పడుతుంది. ఇంజంక్షన్‌కు, అంటే అమ్మకం ఆపమనే కోర్టు ఉత్తర్వుకు, అంత ఆగకండి. తెలిసీ ఊరుకున్నారన్న మాట స్టే రాకుండా చేస్తుంది. కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ కింద మీరు నివసించే జిల్లాలోనే దావా వేయవచ్చు. వివాదం విలువ 3 లక్షలు, ఆపైన అయితే అది వాణిజ్య దావా. అత్యవసర స్టే అడగని పక్షంలో ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి.